పెరటి వాకిట్లో వేడినీళ్ళు

మా పక్కింటి నర్సమ్మ పోయింది. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ, జడ వేసుకుంటూ కూలబడిందట. వీధి చివరి డాక్టరు వచ్చి, గుండె ఆగిపోయిందన్నాడు.

ఉదయగిరి పిల్ల. పెళ్ళై మా ఆత్మకూరుకు వచ్చింది. రోజూ బస్సులో నెల్లూరు వెళ్ళి ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో పని చేసేది. తలకు దెబ్బ తగిలి మెదడు చచ్చిపోయినవాళ్ళను, వేరేవాళ్ళకు పెట్టేందుకు అవయవాలు తీసేదాకా ఆ పిల్లే చూసుకోవాలి.

చావుకు వెళ్ళొస్తే తలకు పోసుకోనిదే లోపలికి రాము. మీ ఇళ్ళల్లోనూ అంతే కదా. అలాంటివాళ్ళను చూసుకున్న రోజుల్లో ఆ పిల్ల తన ఇంట్లోకి పోకుండా మా పెరటి వాకిట్లో ఆగిపోయేది.

"తలకు పోసుకోవాల్నా అవ్వా?"

"పోయినోళ్ళని తాకినావా, ఉన్నోళ్ళనా?"

"అదే తెలీడం లేదు. డాక్టర్లు పోయినాడన్నారు. ఒళ్ళు వెచ్చగా ఉండాది. 'అన్నా, పక్కకు తిప్పతుండా' అని ఆయనకు చెప్పి తిప్పినా."

"పోయినోడికి చెప్పేదేందే?"

"చెప్పకపోతే నాకు చెయ్యి రాదవ్వా."

నేనే నీళ్ళు కాచి పెట్టేదాన్ని. ఒకసారి ఎవరో తల్లి దాని కాళ్ళు పట్టుకుందట, "నా బిడ్డ ఊపిరి పీలస్తా ఉండాడు, నువ్వన్నా చెప్పమ్మా" అని. పీల్చేది మిషనని చెప్పలేక చెప్పి వచ్చింది. ఆ పూట కలిపిన అన్నం అట్లాగే వదిలేసింది.

"వేరే వార్డు అడుక్కోరాదా?" అన్నాను.

"ఎవురో ఒకరు చూడాల కదా. ఆ గుండె చెడిపోతే, దానికోసం కాసుకోనుండేవోళ్ళు కూడా పోతారు."

నాది దిగులు పుట్టుక. బస్సు ఆలస్యమైతే దిగులు, అది దగ్గితే దిగులు. "నా భయమంతా నువ్వే పడతుండావు, నాకు పనిలేదు పో" అని నవ్వేది. ఇంత దిగులుపడి ఏం కాపాడుకున్నాను?

కబురు వినగానే పరిగెత్తాను. చాప మీద పడుకోబెట్టారు. పక్కకు వాలిన చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది.

"అమ్మాయ్, చెయ్యి సర్దతుండా," అన్నాను.

"ఎవురికి చెప్తుండావవ్వా, పోయింది కదా," అని దాని మొగుడు భోరుమన్నాడు.

ఇంటికి పెరటిదారినే వచ్చాను. మా కోడలు బకెట్లో వేడినీళ్ళు పెట్టి, "పోసుకో అత్తా," అంది. పోసుకోవాలో వద్దో ఎవరినడగను? అది నిలబడే చోటే నిలబడిపోయాను. బకెట్లోంచి ఆవిరి లేవడం ఆగిపోయింది. నా చేతికి మాత్రం ఆ పిల్ల చేతి వెచ్చదనం ఇంకా తెలుస్తూనే ఉంది.