వంకర తిరిగిన రోడ్డు

నా పాస్‌పోర్టు కంపెనీవాళ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. అడిగితే ఇవ్వలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

రెండువేల ఎనిమిది ప్రాంతం. ఒమన్‌లో సమాయిల్ అనే ఊరు దాటాక, కొండల్లో పాతకాలపు సమాధులు తవ్వే బృందానికి నన్ను వంటవాడిగా పంపారు. చుట్టూ బోడి కొండలు. కంపెనీ బండి వస్తేనే బయటికి దారి. లేదంటే పొయ్యి, దుమ్ము, మళ్లీ పొయ్యి.

బృందంలో ఒక స్పెయిన్ మేడమ్ ఉండేది. ఒకరోజు నేను రొట్టెలు కాలుస్తుంటే వచ్చి, తన ఊరి ఫొటో చూపించింది. చిన్న పల్లె. ఊరి పక్కన నిలువు బండలు, వాటిమీద కప్పులా ఇంకో బండ. వేల ఏళ్ల నాటి సమాధులట. వాటిని చూడ్డానికే ఆ పల్లెకు జనం వస్తారట.

"మేడమ్, ఇవి మా చేన్లో ఉన్నాయి! రాకాసి గుళ్లంటాం" అన్నాను వచ్చీరాని ఇంగ్లీషులో. రాకాసికి మాట దొరక్క, నోటి దగ్గర వేళ్లతో కోరలు పెట్టి చూపించాను. ఆమె పడీపడీ నవ్వి, ఫొటోలో రోడ్డు మీద వేలు పెట్టింది. తిన్నగా వచ్చిన తారురోడ్డు బండల దగ్గర వంకర తిరిగి, పక్కనుంచి పోయింది.

మూడో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదువుకున్నవాణ్ణి. మేం మేకల్ని కట్టేసిన ఆ రాళ్లేమిటో ఆ రోజే తెలిసింది.

కొన్నాళ్లకే తమ్ముడి ఫోన్. "అన్నా, మన చేన్లో రోడ్డుకు ముగ్గు పోసినారు. రాకాసి గుళ్ల మీదనే పోతాదంట. చేను నీ పేరున ఉండాది, నువ్వొచ్చి అడ్డం చెప్పు. నేను చెప్తే నువ్వెవుడ్రా అంటాండారు."

సూపర్‌వైజర్‌ది హైదరాబాద్. పాస్‌పోర్టు ఇప్పించమని బతిమాలాను.

"రాళ్ల కోసం ఛుట్టీనా చాచా? నవ్వుతరు. రాళ్లేడికి పోతయ్? సీజన్ ఖతం కానియ్."

మేడమ్ కూడా వెళ్లి అడిగింది. అది కంపెనీ వ్యవహారమన్నారు. మర్నాడు ఆమె, మిగతావాళ్లు ఎవరివో తెలియని సమాధుల రాళ్లను కుంచెలతో తుడుస్తూ కూర్చున్నారు. నేను వాళ్లకు టీ మోశాను. నా రాళ్లకు కాపలా ఎవరు?

తవ్వకాల సీజన్ అయిపోయింది. బీరువా తెరవలేదు. తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడు. చివరికి ఎత్తిన రోజున, "రాళ్లేమైనాయిరా?" అని అరిచాను.

వాడన్నాడు:

"యాడికీ పోలేదులేన్నా. రోడ్డు కిందనే ఉండాయి."