మేకుకు వేలాడిన నోటుబుక్కు

వలస వచ్చిన తెలుగువాళ్ల మరమగ్గాల పేట పద్మనగర్‌లో జ్ఞానయ్య చెవుల గురించి ఒక మాట ఉంది. అంత దూరాన టెంఘర్‌లో చాయ్ తాగుతూ కూర్చుని, ఇక్కడ ఏ సాంచా మీద, అంటే ఏ మరమగ్గం మీద, ఏ పోగు తెగిందో చెప్పేవాడట. ఇందులో నిజమెంతో చెప్పినవాళ్లకే తెలియాలి. ముప్పై రెండేళ్లు మరమగ్గాల మోత మధ్య నిలబడి ఆ చెవులు రెండూ పోగొట్టుకున్నది మాత్రం పచ్చి నిజం. ఇప్పుడు ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. వెనకనుంచి పిలిస్తే పలకడు. "తిట్లైతె గోడ అవుతలికెల్లి గూడ ఇనవడతయి" అంటుంది భార్య మరియమ్మ.

చెవులు పోయినా చూపు చెక్కుచెదరలేదు. ఆ చూపుకే బడిలో ఉద్యోగం దొరికింది. పద్మనగర్ తెలుగు బడికి ఎవరో పుణ్యాత్ములు ఇరవై కంప్యూటర్లు దానం చేశారు. అవి రాగానే పెద్దమేడం స్వర్ణకు నిద్ర కరువైంది. పిల్లలు అందులో ఎక్కడెక్కడికి పోతారో, ఎవరితో మాట్లాడతారో చూసే మనిషి కావాలి. ఒంటిచేత్తో ఎనిమిది సాంచాలు నడిపినవాడికి ఇరవై మంది పిల్లలు ఒక లెక్కా అని జ్ఞానయ్యను పిలిచింది.

ఆయనకు కంప్యూటర్ తెరవడం కూడా రాదు. అయితేనేం, వరుసల మధ్య మగ్గాల నడుమ నడిచినట్టే నడిచేవాడు. తెర మీది వెలుగు పిల్లాడి ముఖం మీద ఎర్రగా పడితే ఆట, నీలంగా పడితే పాఠం. పెదాలు కొరికితే దొంగతనం. పట్టుకున్నవాడిని కొట్టేవాడు కాదు, కథ చెప్పేవాడు.

"వరాలా తలావ్ చెర్వుల ఒక మొసలున్నది. ముందుగాల కరువది. మస్తు మర్యాద దానికి. నీ పేరేంది బిడ్డా అని అడుగుతది. చెప్తవ్. ఏ గల్లి అంటది. అదీ చెప్తవ్. మీ అమ్మ పనికి ఎన్ని గంటలకు పోతదంటది. గప్పుడు ఇగ నోరు తెరుస్తది."

"తాతా, తలావ్‌ల మొసలి లేదు, మేం రోజు పోతం" అని పిల్లలు నవ్వేవాళ్లు.

"పేరు చెప్పినోళ్లెవ్వలు తిరిగి రాలే. లేదని నీకెవడు జెప్పిండు?"

నవ్వేవాళ్లే గానీ, ఆ తరువాత ఊరూ పేరూ తెలియని వాళ్లకు ఫోన్ నంబరు ఇచ్చిన పిల్లలు ఆ బడిలో లేరు. స్వర్ణ మేడం గోడ మీద అంటింపించిన జాగ్రత్తల చార్టు చేయలేని పని ఆ మొసలి చేసింది.

ఆ గదిలో జ్ఞానయ్యకు ప్రాణమైన పిల్ల ఒకతె ఉంది. గ్రేస్, షాలేమ్ కూతురు, పదో తరగతి. షాలేమ్, జ్ఞానయ్యా జోడీదారులు. ఒకే సాంచాలను పగటి పాళిలో ఒకరు, రాత్రి పాళిలో ఒకరు నడిపారు. ఆడవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్న ఆ రోజుల్లో ఉండే గది, ఖోలీ కూడా ఒకటే, పరుపు కూడా ఒకటే. ఒకరు లేచి పనికి వెళితే రెండోవాడు వచ్చి అందులోనే పడుకునేవాడు. పంతొమ్మిదేళ్లలో ఆ పరుపు చల్లబడింది లేదంటారు. ఒకరి నిద్ర ఒకరు చూసింది ఆదివారం చర్చిలో, పాస్టరుగారి ప్రసంగం నడుమనే.

బడికి కంప్యూటర్లు వచ్చాయని తెలియగానే షాలేమ్ కూతుర్ని మానిపిస్తానన్నాడు. "ఆడివిల్లల ఫొటోలు ఎక్కడెక్కడికో పోతయంట అన్నా. నాకు భయమైతున్నది."

"ఎనుక నేను కూసుంట గద తమ్మీ! నా కండ్లు దాటి ఈగ పోదు."

షాలేమ్ కూతురి వైపు చూశాడు. "సరె. నీ మాట మీద పది రాయనిస్త. పిల్ల మీద ఒక్క మాట వచ్చిందనుకో, తెల్లారి కార్ఖానల కండెలు చుట్టే మిషన్ కాడ ఉంటది. గప్పుడు నువ్వు అడ్డం రావద్దు."

"రాను" అన్నాడు జ్ఞానయ్య. పక్కనే నిలబడ్డ గ్రేస్ ఆయన చెయ్యి పట్టుకుని, వినబడదని తెలిసి కూడా, "థాంక్స్ పెద్దబాపూ" అంది. ఆయన ఆ పెదాలు చూశాడు.

మరి తప్పు ఎక్కడ జరిగిందంటే, ఆ మంచి మనిషి మంచి బుద్ధిలోనే జరిగింది. బడి రెండు పాళీల్లో నడుస్తుంది. ప్రతి పిల్లకూ ఒక ఐడీ, ఒక పాస్‌వర్డ్ ఇచ్చారు. పిల్లలు రోజూ మరిచిపోయేవాళ్లు. సగం క్లాసు గుర్తుచేసుకోవడంతోనే గడిచిపోయేది. జ్ఞానయ్య రెండు వారాలు చూశాడు, మూడో వారం తనకు తెలిసిన ఉపాయం పెట్టాడు. పొద్దున పాళిలో ఒకరు, మధ్యాహ్నం పాళిలో ఒకరు, ఇద్దరికీ కలిపి ఒకటే ఐడీ. జోడీదారులు! పాస్‌వర్డులన్నీ నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించి, పురికొసతో కట్టి, తలుపు పక్క మేకుకు వేలాడదీశాడు. కార్ఖానా తాళంచెవి కూడా అట్లాగే వేలాడేది. ఎవరు ముందొస్తే వాళ్లు తీసేవాళ్లు. ముప్పై రెండేళ్లలో ఒక్క కండె పోలేదు.

మొదటిరోజే పిల్లలకు నియమం కూడా చెప్పాడు. "బట్ట మీద మచ్చ వస్తె ఏ పాళిల వచ్చింది అని కార్ఖానా షేఠ్ అడుగడు. జోడీ ఇద్దర్ని బయట నిలవెడ్తడు. గట్లనే మీరు గూడ. ఒకల మంచిచెడ్డ ఇంకొకలు సూసుకోవాలె."

క్లాసులు సమయానికి మొదలయ్యాయి. స్వర్ణ మేడం సంతోషించింది. ఎట్లా జరిగిందని ఆమె అడగలేదు.

గ్రేస్‌కు జోడీ మధ్యాహ్నం పాళి ఆర్తి. పదిహేడో నంబరు కంప్యూటర్, ఐడీ గ్రేస్ పేరు మీద. ఇద్దరూ ఎదురుపడింది తక్కువ. అయినా గ్రేస్ వెళుతూ కీబోర్డు కింద సగం చిక్కీ పెట్టిపోయేది. మర్నాడు అక్కడ ఒక రేగుపండో, రబ్బరు బ్యాండో ఉండేది. జ్ఞానయ్య చూసీ చూడనట్టు ఉండేవాడు. షాలేమ్ తనకోసం సాంచా మీద సగం బీడీ మిగిల్చిన రోజులు గుర్తొచ్చేవి.

ఒక గురువారం మధ్యాహ్నం మూడున్నరకు గ్రేస్ పేరున్న ఆ ఐడీ నుంచి క్లాసు గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. ఆర్తి ఫొటో, బడి ప్రాజెక్టు కోసం తీసినదే. దాని కింద ఎవరూ పైకి చదవలేని ఒక బూతు మాట. స్వర్ణ మేడం చూసి తీసేసేలోపే అది ఫోన్లెక్కి పద్మనగర్ గల్లీలన్నీ తిరిగింది.

మర్నాడు ఆఫీసు గదిలో షాలేమ్, ఆర్తి తల్లి ఎల్లమ్మ, జ్ఞానయ్య కూర్చున్నారు.

"మూడున్నరకు గ్రేస్ ఇంటికాడ ఉంటది మేడం. పొద్దటి పాళి పిల్ల" అన్నాడు జ్ఞానయ్య.

"పాస్‌వర్డ్ తెలిస్తె ఇంటికాడికెల్లి ఫోన్ల గూడ తెరుచుకుంటది జ్ఞానయ్యా" అంది మేడం.

"నా బిడ్డ తన మీద తనే గసొంటి రాత రాసుకుంటదా?" అంది ఎల్లమ్మ. "ఐడీ ఇద్దరిదే గద. నా బిడ్డ కాకుంటె గ్రేస్ గాక ఇంకెవలు?"

"ఎవలైన కావొచ్చమ్మా. బుక్కు మేకుకున్నది. బడిల అందరు సూసిన్రు. తప్పు పిల్లలది గాదు, నాది."

స్వర్ణ మేడం జ్ఞానయ్య వైపు తిరిగింది. మెల్లగా అడిగింది. "ఆ చార్టు అంటించింది నువ్వే గద? మొదటి లైన్ల ఏమున్నది?"

"పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు అని."

"మరి?"

"బయటోళ్లకు అనుకున్న మేడం. జోడీదారు బయటోడెట్లయితడు?"

ఎవరూ నవ్వలేదు. పోలీసులకు చెబుదామా అని మేడం అంటే ఎల్లమ్మా, షాలేమూ ఒకేసారి వద్దన్నారు. ఠాణాకు పోతే పేరు ఇంకా పాకుతుంది. షాలేమ్ లేచి, తన మాట కనబడేలా జ్ఞానయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బట్టల మచ్చ వస్తె షేఠ్ ఏం జేసెటోడన్నా? ఏ పాళి అని అడిగిండా ఎన్నడన్నా?"

ఆ నియమం పిల్లలకు జ్ఞానయ్యే నేర్పాడు.

"పిల్ల చెయ్యలేదు తమ్మీ. నీకు గూడ ఎరుకే."

"ఎరుకే. గల్లికి ఎవలు జెప్తరు?"

ఆర్తిని మేనత్త దగ్గరికి కరీంనగర్ పంపేశారు. గ్రేస్ సోమవారం నుంచి బడికి రాలేదు.

జ్ఞానయ్య ఊరుకోలేదు. పదకొండు రోజులు ఒక్కొక్క పిల్లను ఎదురుగా నిలబెట్టి అడిగాడు. పెదాలు చూశాడు, కళ్లు చూశాడు, వేళ్లు చూశాడు. వెయ్యి పోగుల్లో తెగిన పోగును పట్టినవాడికి ఎనభై ముఖాల్లో ఏ ముఖమూ తెగినట్టు కనబడలేదు. చివరికి ఆరో తరగతి పిల్ల ఒకతె ఆయన్నే అడిగింది: "తాతా, మొసలి తలావ్‌ల లేదా? మన రూముల్నే ఉన్నదా?"

ఆయన తల తిప్పుకున్నాడు.

కంప్యూటర్ గదికి తాళం పడింది. తాళం వేసేముందు పదిహేడో నంబరు కీబోర్డు ఎత్తి చూశాడు. సగం చిక్కీ, దాని నిండా చీమలు. పిల్లలు ఇప్పుడు బడి గోడ వెనక నిలబడి ఇంటి ఫోన్లు చూస్తారు. అక్కడ వెనక కూర్చునేవాళ్లు లేరు. జ్ఞానయ్యకు గంట కొట్టే పని ఇచ్చారు. తాను కొట్టే గంట తనకే వినబడదు.

ఒక నెల ఆగి, షాలేమ్ దగ్గర లేని వేళ చూసి, గ్రేస్ పనిచేసే కార్ఖానాకు వెళ్లాడు. బడికి రాకుండానే పది రాసేందుకు మేడంను బతిమాలి తెచ్చిన ప్రైవేటు పరీక్ష ఫారం జేబులో ఉంది. షాలేమ్ సంతకం లేకుండా అది ఉత్త కాగితమని తెలుసు. అడ్డం రానని మాటిచ్చిన సంగతీ తెలుసు. కానీ పిల్ల సరేనంటే తండ్రి కాళ్లు పట్టుకుందామని వచ్చాడు.

గ్రేస్ కండెల మిషన్ దగ్గర ఉంది. జుట్టు మీద దూది నురగలా పేరుకుంది. ఆయన ఫారం తీసి చూపించాడు. ఆమె చదివింది. మడతపెట్టి మళ్లీ ఆయన జేబులోనే పెట్టింది. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడతారు. ఆ చేతి భాష నేర్వడానికి జ్ఞానయ్యకు ఏడాది పట్టింది. గ్రేస్ నెలలోనే నేర్చింది. రెండు వేళ్లు పైకెత్తి, విడదీసి, ఆయన వెనక్కి చూపించింది.

వెనక సాంచా ఆగింది, పోగు తెగింది అని.

ఆయన తిరిగాడు. ఆయన చేతులు ఆయన్ని అడగకుండానే తెగిన పోగు వెతికి, కొసలు పట్టి, ముడి వేశాయి. సాంచా మళ్లీ కదిలింది. ఇటు తిరిగేసరికి గ్రేస్ తల వంచుకుని తర్వాతి కండె ఎక్కిస్తోంది. ఆమె పెదాలు కనబడలేదు.