మెయిల్ సర్వర్‌కి విశ్వకర్మ పూజ

మా రెబెకాకి అనుమానం జాస్తి. ఈ హిందీ ఊరు సిల్తారాలో మా ఇనుము ఫ్యాక్టరీ మెయిల్ సర్వర్ చూసుకునేది ఆ పిల్లే. తల్లి అన్నమ్మ నర్సు, ఇల్లు పక్కనే బీర్‌గావ్‌లో. రోజూ రాగానే, గ్యాసు కట్టేశామా లేదా అని చూసుకున్నట్టు, సర్వర్‌లో ఒక్కో సెట్టింగూ చూసుకుంటుంది. పాస్‌వర్డ్ జాగ్రత్త అంటూ నా ప్రాణం తోడేస్తుంది. ఇరవై ఏళ్లుగా డిస్పాచ్ చూస్తున్న ఈ కొండలరావుకే పాఠాలా అని నాకు ఒళ్లు మండేది.

మొన్న విశ్వకర్మ పూజకి ఫర్నేసు నుంచి తూకం మిషను దాకా అన్నింటికీ బొట్లు పెట్టాం. సర్వర్ మాత్రం ఏం పాపం చేసింది? నేనే బంతిపూల దండ వేసి, ఫోటో తీసి, కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను. బోలెడు లైకులొచ్చాయి.

మూడో రోజుకి కొంప మునిగింది. మా కంపెనీ పేరుతో ఊరూరా లాటరీ మెయిళ్లు వెళ్తున్నాయి. మా అసలు మెయిళ్లేమో, అవీ దొంగవేననుకుని అందరి దగ్గర్నుంచీ తిరిగొచ్చేస్తున్నాయి. మేనేజర్ యోగేష్ సాబ్ రెబెకాని పిలిచి, సాయంత్రంలోగా కారణం తేల్చకపోతే రేపట్నుంచి రావద్దన్నాడు. ఆ ఇల్లు సగం నడిచేది ఈ పిల్ల జీతంతోనే.

ఆమె సెట్టింగులన్నీ మళ్లీ తిరగేసింది. ఎక్కడా లోపం లేదు.

"తాళం పగలగొట్టలేదు బాబాయ్‌గారూ. సీదా తాళంచెవితోనే వచ్చారు," అంది. నేను పెట్టిన ఫోటోని పెద్దది చేసి చూపించింది. దండ పక్కనే సర్వర్‌కి అంటించిన చీటీ. తను సెలవు పెడితే చూసుకోమని నాకిచ్చిన పాస్‌వర్డ్, నా చేతిరాతతో. మర్చిపోతానని నేనే అంటించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఛోడో బాబాయ్, వదిలెయ్యండి, నేను చూసుకుంటాలే," అని పాస్‌వర్డ్ మార్చి, దొంగ మెయిళ్లు ఆపింది. సాయంత్రానికి మా మెయిళ్లు వెళ్లడం మొదలైంది. రిపోర్టు కూడా రాసింది గానీ, 'కారణం' అన్న గడి ఖాళీగా వదిలేసింది. ఎనిమిది నెలల్లో నేను రిటైర్ అవుతానని తనకి తెలుసు. నన్ను కాపాడటానికి తన ఉద్యోగం పోగొట్టుకుంటుందా, పిచ్చి పిల్ల!

కాగితం లాక్కుని ఆ గడిలో నా పేరు రాశాను. నేనే తీసుకెళ్లి సాబ్ చేతికిచ్చాను. ఆయన చదివి నా మొహం చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ రెబెకా మొహం చూశాడు.

"కల్ దోనో టైమ్ పే ఆనా," అన్నాడు.

రేపు ఇద్దరూ టైముకి రావాలట.