వదిన అడిగిన మోడెం

మా వదిన పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్‌ను ముట్టుకునే ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకునేది. పెళ్లితో ఆగిన డిగ్రీని దాని మీదే పూర్తి చేయాలనుకుంది.

వనపర్తిలో మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టిస్తున్నప్పుడు అన్నను అడిగింది. "కంప్యూటర్ బయట పెట్టే మోడెం తీసుకోండ్రి. మీరు లేనప్పుడు నా దానికి తగిలించుకుంట. పాఠాలు వింట."

అన్న తన కంప్యూటర్ లోపల బిగించే మోడెం తెచ్చాడు. ఆ కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ కూడా పెట్టాడు. "డబ్బా బయటుంటే నీకు ఇంటిపని యాదికుంటదా?" అన్నాడు.

వదిన మళ్లీ అడగలేదు. పరీక్షలు వచ్చి వెళ్లిపోయాయి.

ఏళ్లు గడిచాక, నిరుడు ఇల్లంతా వైఫై పెట్టించి, "ఇగ చదువుకో. ఎవరొద్దన్నరు?" అన్నాడు అన్న, చుట్టాల ముందు నవ్వుతూ.

వదిన నవ్వలేదు. "అవును, ఎవరూ వద్దనలే" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.