కింది అంకె

కరోనా రెండో వేవ్ వచ్చిన ఆ ఎండాకాలం మా గల్లీకి డాక్టర్ని నేనే. నవ్వుకుంటే నవ్వుకోండి. సూరత్‌లో, గోడాదరాలో మేముండే ఆ ఇరుకు గల్లీలో సగానికి సగం ఇళ్లు మా వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లవే. అందరం సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బతికేవాళ్లమే. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కానీ వేలికి తొడిగి ఆక్సిజన్ చూసే చిన్న మిషన్ గల్లీ మొత్తంలో నా ఒక్కడి దగ్గరే ఉండింది. కార్ఖానాలో పనివాళ్లను చూడటానికి మా సేఠ్ రెండు తెప్పించి, ఒకటి నా చేతిలో పెట్టాడు. గుడ్డి కన్నా మెల్ల నయమని జనం నా గడప తొక్కడం మొదలుపెట్టారు.

పని నుంచి వచ్చాక గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. వచ్చినవాళ్లు దూరంగా నిలబడి చెయ్యి మాత్రం చాచేవాళ్లు. నేను దర్జాగా వాళ్ల వేలికి మిషన్ తొడిగి, పై అంకె చదివి చెప్పేవాణ్ణి. తొంభై అయిదు దాటితే, "పో, బేఫికర్ పండుకో" అనేవాణ్ణి. అంతకన్నా తగ్గితే వాళ్లకంటే ముందు నాకే చెమటలు పట్టేవి. ఆ మిషన్ మీద కింద ఇంకో అంకె కూడా ఉండేది. దాని పక్కనే ఒక సన్నటి గీత పైకీ కిందికీ ఎగురుతూ ఉండేది. అదేమిటో నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. టీవీలో, ఫోన్లో, పాన్ డబ్బా దగ్గర, ఎక్కడ విన్నా ఆక్సిజన్ మాటే. కింది అంకె గడియారంలో సెకన్ల ముల్లు లాంటిదనుకుని వదిలేశాను.

ఆ రోజుల భయం గురించి ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు. దగ్గు వస్తే నోట్లో తువ్వాలు కుక్కుకుని దగ్గేవాళ్లం. అంబులెన్స్ కూత వినపడితే గల్లీలో తలుపులన్నీ మూసుకునేవి. ఆస్పత్రికి పోయినవాడు నడిచి తిరిగి రాడని అందరి నమ్మకం. నేను పైకి మీసం తిప్పేవాణ్ణి గానీ, పొద్దున లేవగానే మొదట నా వేలికే మిషన్ తొడుక్కుని చూసుకునేవాణ్ణి. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలియదు.

గల్లీ చివరింట్లో పెద్దబాపు ఉండేవాడు. చుట్టం కాదు, మా పక్క ఊరాయన. పద్దెనిమిదేళ్ల వయసులో నేను సూరత్‌లో దిగినప్పుడు, తెగిన పోగును ముడి కనపడకుండా కలపడం చేయి పట్టుకుని నేర్పింది ఆయనే. ఒక సాయంత్రం ఆయన నా స్టూలు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఛాతీల జర మంటగున్నది బిడ్డా. కాఢా ఎక్కువైనట్టుంది."

ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. ఆ నెలలో గల్లీ అంతా మిరియాలు, శొంఠి, లవంగాలు మరిగించి పూటకో గ్లాసు కాఢా తాగుతున్నాం. మంట లేని ఛాతీ ఒక్కటీ లేదు. మిషన్ తొడిగాను. తొంభై ఎనిమిది.

"నాకే గింత లేదు పెద్దబాపు! నన్ను సాగనంపినంకనే నువ్వు పోయేది."

ఆయన నవ్వి, "చెమటలు గూడ పోస్తున్నయ్ రా" అన్నాడు.

"ఎండకాలం చెమటలు గాక మంచు వడ్తదా?" అన్నాను.

ఆయన నవ్వుకుంటూనే వెళ్లాడు. తెల్లారి లేవలేదు. కరోనానే అన్నది గల్లీ. ఎవరూ దగ్గరికి పోలేదు. నాకు పని నేర్పిన మనిషిని ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోతుంటే నేను నా గుమ్మంలోనే నిలబడ్డాను. అడుగు బయట పెట్టలేకపోయాను.

అది జరిగిన పది రోజులకు మా ఇంట్లో మొదలైంది. ఆ రోజు కార్ఖానాకు సెలవు. మా ఆవిడ గోడకానుకుని కూర్చుని, చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. అది ఆమె ఇంట్లో చేసుకునే పని. రెండు రోజులుగా దవడ నొస్తోందని పంటి కింద లవంగం పెట్టుకుని తిరుగుతోంది. పొద్దున పది గంటలప్పుడు కత్తెర కింద పెట్టేసింది.

"ఏందో గిట్ల అయితున్నదయ్యా. రెండు రెక్కల నడుమ ఎవ్వలో మోకాలు వెట్టి ఒత్తినట్టున్నది."

లేచి రెండడుగులు వేసి, గిన్నెలు తోమే మోరీ దగ్గర కూలబడి వాంతి చేసుకుంది. ముఖం మీద నీళ్లు పోసినట్టు చెమట. ముట్టుకుంటే ఒళ్లు చల్లగా ఉంది. పరుగున వెళ్లి మిషన్ తెచ్చి వేలికి తొడిగాను. తొంభై ఏడు. హమ్మయ్య అనుకున్నాను. భయం తగ్గేసరికి నాకెప్పుడూ కోపం వస్తుంది. అదొక చెడ్డ గుణం.

"తొంబై ఏడున్నది! నీకేం రోగం లేదు. రాత్రి సల్లన్నం తిన్నవ్, అరగలే. ఉత్తగ పానం తీస్తున్నవ్!"

ఆమె కళ్లు మూసుకునే అన్నది. "నీ మిషన్ మంచిగుంటే నేను మంచిగున్నట్టేనా?"

మా పెళ్లయినప్పటి నుంచి ఆమె నాకు ఎదురు చెప్పని రోజు లేదు. కానీ ఇంత నెమ్మదిగా ఎప్పుడూ చెప్పలేదు. నేను మళ్లీ ఆమె వేలి వంక చూశాను. అప్పుడు కనపడింది ఆ గీత.

ముప్పై ఏళ్లు సాంచెల మధ్య నిలబడ్డవాడికి చదువు రాకపోయినా దెబ్బ లెక్క తెలుస్తుంది. కరెంటు తగ్గినప్పుడు సాంచె వెంటనే ఆగదు. బరువుగా కొడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందులోనే బట్టలో అడ్డగీత పడుతుంది. బట్ట చూడకముందే ఆ సంగతి మా అరికాళ్లకు తెలిసిపోతుంది. ఆమె వేలి మీద గీత అలాగే ఉంది. ఎగురుతోంది, ఆగుతోంది, ఇక ఎగరదేమో అనుకునేంత సేపు ఆగి మళ్లీ ఎగురుతోంది. పక్కన అంకె నలభై రెండు.

మిషన్ తీసి నా వేలికి పెట్టుకున్నాను. గీత గబగబా గెంతింది. నూట నాలుగు. మళ్లీ ఆమెకు పెట్టాను. నలభై ఒకటి. ఆ అంకె అంటే ఏమిటో అప్పుడు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఆమె లోపల సాంచె ఆగిపోబోతోంది. అంత భయం నా జన్మలో ఎరగను.

ఆమెను రెండు చేతులతో పట్టుకుని బయటికి తెచ్చి ఆటో ఆపాను. ఆటోవాడు ఆమె చీర మీద వాంతి మరక చూసి, ఏమీ అడగకుండానే ముందుకు లాగించాడు. రెండోవాడూ అంతే. గల్లీ మొదట్లో బట్టల టెంపో ఒకటి ఆగి ఉంది. దానిలో తాకాలున్నాయి, అంటే సాంచె మీద నుంచి దిగిన బట్ట చుట్టలు. డ్రైవర్ ఎవరో నాకు తెలియదు. చేతులు జోడించాను. అతను నా ముఖం చూసి, మాస్కు పైకి లాక్కుని, "బైఠో" అన్నాడు.

ఆమెను తాకాల మీద పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. దారంతా మిషన్ ఆమె వేలికే ఉంది. నేను రోడ్డు చూడలేదు, మనుషులను చూడలేదు. నలభై. నలభై నాలుగు. ముప్పై తొమ్మిది. మన భాషలో గుండె జారింది, గుండె గుభేలుమంది అని ఎన్ని మాటలున్నాయో. ఒక్కటీ పనికి రాలేదు ఆ పూట.

"ఏమే, పండుకోకు. మాట్లాడు."

"సగం చీరలే అయినయ్. రేపటికి ఇయ్యాలె. పక్కింటామెకు జెప్పు," అంది.

ఆస్పత్రి గేటు ముందు మనుషుల గుంపు. గేటు దగ్గర ఒకతను వచ్చినవాళ్ల వేళ్లకు మిషన్ పెట్టి, కొందరిని లోపలికీ కొందరిని ఇంటికీ పంపుతున్నాడు. ఆమె వేలికీ పెట్టాడు. తొంభై ఆరు.

"ఆక్సిజన్ ఠీక్ హై. ఘర్ లే జావో. బెడ్ నహీ హై."

అచ్చం నా గొంతే. రోజూ నా గుమ్మంలో కూర్చుని నేను చెప్పే మాటే. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో అప్పుడు తెలియలేదు. "నీచే దేఖో! సాహెబ్, నీచే దేఖో, నీచే!" అని, కింది అంకె చూడమని గేటు పట్టుకుని అరిచాను. సెక్యూరిటీవాడు నన్ను వెనక్కి నెట్టాడు. ఆ అరుపుకు లోపలి నుంచి ఒక నర్సు వచ్చి మిషన్ వైపు వంగి చూసింది. వెంటనే మా ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూసింది. తర్వాత చక్రాల కుర్చీ, తర్వాత మూసుకున్న తలుపు.

నేను ఎండలో ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. లోపల బతికి ఉందో లేదో తెలియదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచేవాణ్ణి, మళ్లీ కూర్చునేవాణ్ణి. ఆమె లేకుండా ఆ గదిలోకి నేను తిరిగి పోవాల్సి వస్తే ఏమిటన్న ఆలోచన రాగానే, ఆ కత్తెర, సగంలో ఆగిన చీరలు కళ్లముందుకొచ్చాయి. నలుగురూ చూస్తుండగానే ఏడ్చాను. ఆ ఫుట్‌పాత్ మీద ఏడవనివాడు ఎవడూ లేడు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు.

మూడు గంటలప్పుడు ఒక డాక్టర్ బయటికొచ్చాడు. తల నుంచి కాలిదాకా తెల్లటి కవరు, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. హిందీలో నిదానంగా చెప్పాడు. బతికింది. హార్ట్ ఎటాక్. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. సన్నటి తీగ ఒకటి నరం గుండా గుండె దాకా పంపి, మంచం పక్కన కరెంటు పెట్టెతో గుండెను కొట్టిస్తున్నారు.

"ఛాతీ నొప్పి లేదు సాహెబ్ ఆమెకు," అన్నాను, ఏదో తప్పు దిద్దుతున్నట్టు.

ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో చాలామందికి అలా ఉండదన్నాడు. దవడలో, వీపులో, చెమటల్లో, వాంతిలో వస్తుందట. షుగరుందా అని అడిగాడు. ఉంది. లాక్‌డౌన్ నుంచి గోలీలు సరిగ్గా వేసుకోవడం లేదు. తంబాకు తింటుందా అని అడిగాడు. ఆమె తినదు. నా జేబులో ఉన్న పొట్లాన్ని చేత్తో కప్పుకున్నాను.

నా ముఖంలో ఏం కనిపించిందో, మందుల అట్టపెట్టె చింపి దాని వెనక బొమ్మ గీశాడు. పిడికిలంత కండ, నాలుగు గదులు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం కుడివైపు దిగి, ఊపిరితిత్తుల్లో గాలి పట్టుకుని, ఎడమవైపు నుంచి మళ్లీ ఒళ్లంతా పోతుంది. మధ్యలో తలుపులు ఒక్క దిక్కే తెరుచుకుంటాయి. ఇదంతా కొట్టించేది పై గదిలో ఒక చిన్న చోటు, కరెంటు పుట్టేది అక్కడే. ఇన్ని గదుల్లో ఇంత రక్తం ఉన్నా గుండె దాన్ని తాను తాగలేదట. పైన అల్లుకున్న సన్న నాళాల్లోంచి వచ్చిందే దానికి తిండి. ఊరందరికీ బట్ట నేసే మా ఒంటి మీద చినిగిన బనియన్ ఉన్నట్టే. వాటిలో కుడివైపు నాళం కొవ్వు పేరుకుని, దాని మీద రక్తం గడ్డకట్టి, మూసుకుపోయింది. కరెంటు పుట్టే చోటుకూ రక్తం ఇచ్చేది ఆ నాళమే. అందుకే దెబ్బ తగ్గింది.

"నాడి తగ్గిందని నీకెలా తెలిసింది?" అని అడిగాడు.

"సాంచె స్లో అయింది సాహెబ్," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

లోపలికి పోబోతూ ఆగి ఇంకో మాట చెప్పాడు. "ఆక్సిజన్ చూసి గుండె బాగుందనుకోవద్దు. ఎటాక్ వచ్చినవాళ్లకు కూడా తొంభై ఎనిమిది చూపించొచ్చు."

తొంభై ఎనిమిది. ఫుట్‌పాత్ మీద అంత ఎండలో నాకు చలి పుట్టింది. ఛాతీల జర మంట. చెమటలు. ఎండకాలం చెమటలు గాక మంచు వడ్తదా?

మా ఆవిడ తిరిగొచ్చింది. తర్వాత స్టెంట్ వేశారు. ఇప్పుడు పూటకిన్ని గోలీలు మింగుతుంది, నాతో ఎప్పటిలాగే పోట్లాడుతుంది. ఆమె నిద్రపోతున్నప్పుడు ఒక్కోసారి మణికట్టు పట్టుకుని చూస్తాను. మెలకువ వస్తే తిడుతుంది. తంబాకు మానేశాను. మిషన్ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఎవరొచ్చినా కింది అంకె ముందు చూస్తాను, చెమటలూ మంటా ఉన్నాయా అని అడుగుతాను, ఉంటే అంకెలెంత బాగున్నా దవాఖానకు పొమ్మని తిట్టి మరీ పంపుతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

పెద్దబాపు భార్య వారానికోసారి వస్తుంది. రోగమేమీ లేదు ఆమెకు. స్టూలు పక్కన కూర్చుని వేలు చాస్తుంది. మొన్నటి మాట.

"నీ పెద్దబాపుకు గూడ నువ్వే చూస్తివి గద బిడ్డా. అంత మంచిగనే ఉండె అప్పుడు. ఇగ నువ్వు మాత్రం ఏం జేస్తవ్. ఆయనకు గంతే రాసున్నది."

లోపల చీరల దారాలు కత్తిరిస్తున్న మా ఆవిడ కత్తెర ఆపింది. నేను తల ఎత్తలేదు. కింది అంకె చూసి, పెద్దవ్వ వేలి నుంచి మిషన్ తీసి, "డెబ్బై నాలుగు, మంచిగున్నది" అన్నాను. ఆమె నా తల నిమిరి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పెద్దబాపు వేలి మీద కింద ఎంత ఉండిందో నాకు తెలియదు. నేను చూడలేదు.