పొగ పెట్టిన కావలివాళ్లం

నిరుడు మా సోషల్ టీచర్లకు ఖిల్లా ఘణపూర్ కోట మీద శిక్షణ పెట్టారు. పాఠం చెప్పే ముందు, పాతకాలపు కోట కావలివాళ్లలా ఒక పగలంతా మేమే బతికి చూడాలన్నమాట. వేషం కోసం తలా ఒక గొంగడి ఇచ్చారు.

శత్రువు వస్తున్నాడని ఊరికి తెలిపేందుకు పొగ పెట్టే వంతు నాకొచ్చింది. గాలికి మంట ఆరకుండా ఒక బండ చాటు చూసుకుని, నిప్పు మీద పచ్చి వేపాకు వేశాను. పొగ బ్రహ్మాండంగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బండకు పైన తేనెపట్టు వేలాడుతోందని ఎవరమూ చూసుకోలేదు.

ఒక్కసారిగా నెత్తిమీద గుయ్యిమని మోత. దిక్కు తెలియక పరుగెత్తబోయాను. పెద్దమందడి నుంచి వచ్చిన యాదమ్మ టీచర్ నా చెయ్యి పట్టి లాగింది.

“అటు ఉరికితే కోట మీదికెల్లి కింద పడ్తవ్ మేడం! గొంగడి కప్పుకొని బోర్ల పండుకో. జర గూడ కదలకు!”

పడుకున్నాను. నాతోపాటే ఒక తేనెటీగ గొంగడిలోకి దూరింది. మెడ మీద మెల్లగా నడిచి, చెవి దగ్గర ఆగింది. అరవడానికి లేదు, దులుపుకోవడానికి లేదు. నా ఊపిరి చప్పుడుకే నాకు భయం వేసింది. ఎప్పటికో మోత తగ్గింది. వాచిన చేతులతో దిగివచ్చాం.

“కావలోళ్లకు భయం కాదా టీచర్?” అని పిల్లలు ఏటా అడుగుతారు. వీరులకు భయమేమిటని దబాయించేదాన్ని. ఈ ఏడు అడిగితే, నోటికంటే ముందు నా చెయ్యి మెడ మీదికి పోయింది.