పిన్నీ నేనూ నేర్చుకున్న నీటిరంగులు

పక్కింటి పిన్ని పోయిందని మొన్న పొద్దున భిలాయి నుంచి ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అత్తయ్య నిద్దట్లోనే వెళ్లిపోయారక్కా" అంది. పిన్ని నాకు చుట్టం కాదు. భిలాయిలోని ఖుర్సీపార్‌లో మా క్వార్టరుకీ వాళ్ల క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. అక్కడి తెలుగువాళ్లందరిలాగే మేమూ వరస కలుపుకున్నాం.

తొంభైల మొదట్లో పెళ్లయి, బొబ్బిలి నుంచి అక్కడికి కాపురానికి వెళ్లాను. హిందీ రాదు. మరుసటేడు కడుపొచ్చి, ఐదో నెలలో పోయింది. మా ఆయన స్టీల్ ప్లాంటుకు వెళ్లగానే తలుపేసుకుని పడుకునేదాన్ని. ఎవరొచ్చి ఓదార్చినా గోడవైపు తిరిగిపోయేదాన్ని.

పిన్ని ఓదార్చలేదు. ఒక మధ్యాహ్నం రంగుల పెట్టె పట్టుకుని వచ్చింది. పవర్ హౌస్ బజారులో మనవరాలికని కొంటే, ఆ పిల్ల నాలుగు గీతలు గీసి మూల పడేసిందట.

"లేవే అమ్మీ. ఈ రంగుల సంగతేటో చూద్దాం."

"నాకు రాదు పిన్నీ."

"నాకు వస్తే నీ కాడికెందుకొస్తాను?"

ఇద్దరం వరండాలో చాప పరిచాం. నీళ్లెక్కువై కాగితం అప్పడంలా ముడుచుకుపోయింది. పిన్నిది భీమిలి, వేస్తే సముద్రమే వేస్తానంది. పడవలు వేయబోతే వంకాయలొచ్చాయి. నాకేమో తొందర. ఒక రంగు ఆరకుండానే ఇంకోటి పూసేదాన్ని.

"ఆరనియ్యే! తడి మీద తడి పెడితే బురదే" అని నా చేతిలో కుంచె లాగేసుకునేది. అలా ఆరేదాకా కరివేపాకు దూసుకుంటూ కూర్చునేవాళ్లం. ఆ కూర్చోవడంలోనే ఒకరోజు, పోయిన బిడ్డకు నేను అనుకున్న పేరు చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పని పేరు. పిన్ని చెయ్యి ఆగింది. ఆ పేరును తనూ ఒకసారి నెమ్మదిగా పలికింది.

"మంచి పేరే" అంది. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. నేను ఏడుస్తున్నంతసేపూ నా పక్కనే కూర్చుంది.

కొన్నాళ్లకు ఆవిడ సముద్రం పూర్తయింది. బట్టల తీగకు క్లిప్పుపెట్టి ఆరేస్తే, ప్లాంటు దుమ్ము ఎర్రగా వచ్చి తడి ఆకాశానికి అంటుకుంది. ఎదురింటి దీదీ ఆగి చూసి, "బఢియా తాలాబ్ హై, అమ్మా!" అంటూ చెరువు బాగుందని మెచ్చుకుంది.

"తాలాబా? ఓలమ్మో! సముందర్ హై, సముందర్! భీమిలీ కా!" అంటూ పిన్ని చెయ్యి చాపి అలలు చూపించబోయింది. తగిలి తీగ తెగింది. సముద్రం వెళ్లి వాళ్లాయన లుంగీతో పాటు బకెట్‌లో పడింది. నాకు నవ్వాగలేదు. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, సైకిల్ పట్టుకుని గేటు దగ్గరే ఆగిపోయి నన్ను చూస్తున్నాడు. ఎన్ని నెలలైందో ఆయన నా నవ్వు విని.

తర్వాత మాకు పాప పుట్టింది. పురిటి స్నానం పిన్నే చేయించింది. పాపకు మూడేళ్లప్పుడు మా ఆయనకు విశాఖలో ఉద్యోగం వచ్చింది.

బండెక్కించడానికి పిన్ని స్టేషన్‌కు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. బండి కదిలాక కిటికీ పక్కనే నడుస్తూ, "ఒలే, అటు సూడే!" అని పైకి చూపించింది. షెడ్ల వెనక సాయంత్రపు మబ్బు ఒకటి, అంచు నారింజ, లోపల పావురం రంగు. నేను మబ్బు వంక చూసి ఇటు తిరిగేసరికి ప్లాట్‌ఫారం వెనకబడిపోయింది. జనం మధ్యలో పిన్ని, చెయ్యింకా దించకుండా, మెడ వెనక్కి వాల్చి ఆ మబ్బునే చూస్తోంది.